ఎంతమందిల అని అడిగే డాక్టరమ్మ

పోయిన వారం మా ఎదురింటి తలుపు మీద ఒక కాగితం అంటించి పోయారు. ఆ ఇంట్లో కరోనా వచ్చిన మనిషి ఉన్నాడు, ఎవరూ లోపలికి పోవద్దు అని దాని మీద ఉంది. మరునాటి నుంచి పాలు పోసే అతను ఆ ఇంటి ముందు ఆగకుండా పోవడం మొదలుపెట్టాడు. చెత్త బండి కూడా అక్కడ ఆగడం లేదు. నేను కళ్ళద్దాలు పెట్టుకుని మెట్లు దిగిపోయి ఆ కాగితం పూర్తిగా చదివాను. లోపలికి పోవద్దని ఉంది గాని పాలు పోయవద్దని ఎక్కడా లేదు. తిరిగి వచ్చి ఆ మాట చెబితే నా మేనకోడలు, మా అన్న పెద్దబిడ్డ, కోప్పడింది.

"నువ్వెందుకు దిగినవ్ అత్తా, నీకు ఎనభై దాటినయి."

ఎనభై మూడు అని సరిచేశాను. దాటినయి అంటే లెక్క కాదు.

ఇది 2020 జూలై. కరీంనగర్‌లో మేమిద్దరమే ఉంటాం. సాయంత్రమైతే టీవీలో దేశాల పోటీ మొదలవుతుంది. ఏ దేశం ఎన్ని పరీక్షలు చేసింది, ఏ దేశం ఊళ్ళు మూసింది, ఎవరు ఏ మందు ఇస్తున్నారు, ఎంతమంది పోయారు. పరుగు పందెం చూసినట్టు చూస్తుంది నా మేనకోడలు. మనం ముందున్నామా వెనకున్నామా అని నన్ను అడుగుతుంది. అప్పుడు నా చెవిలో ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తుంది. కొంచెం బొంగురు గొంతు.

"ఎంతమందిల?"

ఆ గొంతు మా ఊరి డాక్టరమ్మది. ఆమె పేరు రాయను. దవాఖాన ముందు బోర్డు మీద ఆమె కూడా తన పేరు రాయించుకోలేదు. పెయింటర్ వచ్చి పేరేమిటమ్మా అని అడిగితే, "డాక్టర్ ఉన్నది అని రాయి. పేరుతోని జ్వరం పోదు," అన్నది. ఊళ్ళో లేని రోజున ఆ 'ఉన్నది' మీద ఒక అట్టముక్క వేలాడదీసి పోయేది. నేను ఎరిగినంతలో ఆ అట్టముక్క చాలా అరుదుగా కనిపించేది.

మా ఊరు జమ్మికుంటకు దగ్గర. పత్తి బండ్లు జమ్మికుంట మార్కెట్‌కు పోతుంటే, మా వాడలో నూలు తెచ్చుకుని బట్ట నేసేవాళ్ళం. ఆమె వచ్చింది 1955లో, మేమింకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండగా. బదిలీ అయి పోయేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాం. రాష్ట్రం మారినా దవాఖాన కప్పు కురిసేచోట కురుస్తూనే ఉంది. ఆమె పుట్టింది కరీంనగర్‌లో, చదివింది హైదరాబాదులో, ఉర్దూలో. తెలుగు మాట్లాడితే మా మాటే, లెక్కపెట్టేటప్పుడు మాత్రం పెదవులు ఉర్దూలో కదిలేవి.

మగవాళ్ళు పెట్టుకునే గడియారం పెట్టుకునేది, అదీ మణికట్టు లోపలివైపుకు. నాడి పట్టుకున్నప్పుడు చెయ్యి తిప్పకుండా కనిపించాలి కదా. నాడి చూస్తుంటే ఎవరైనా మాట్లాడబోతే, "ఆగు, నీ కంటే ముందు నీ నెత్తురు చెప్తున్నది," అనేది. దవాఖానలో ఉన్న ఒకే ఒక కుర్చీలో తను కూర్చోగా నేను చూడలేదు. ఆ పూట వచ్చినవాళ్ళలో అందరికంటే ముసలివాళ్ళది ఆ కుర్చీ. తను బెంచీ మీద రోగుల మధ్య కూర్చునేది. కొత్తవాళ్ళు వచ్చి, డాక్టరమ్మ ఎప్పుడొస్తదని ఆమెనే అడిగేవాళ్ళు. పాలు లేని చాయ్‌లో లవంగం వేసుకుని తాగేది. మా వాడలో నేసిన ముతక చీరలే కట్టేది. చీర చేతిలోకి తీసుకుని, ఇది ఎవరి మగ్గం మీదిదో చెప్పమని మా అవ్వకు, అంటే అమ్మకు, పరీక్ష పెట్టేది. అవ్వ ఎప్పుడూ సరిగ్గానే చెప్పేది.

ఇక ఆమె ప్రశ్న. వాడలో పిల్లలకు మస్తు విరేచనాలు అని ఎవరైనా వస్తే, "మస్తు అంటె ఎంతమంది? ఎంతమందిల?" అనేది. జబ్బుపడ్డవాళ్ళు ఎంతమందో చెబితే సగమే చెప్పినట్టు. మొత్తం ఎంతమందిలోనో చెబితేనే ఆమెకు మాట పూర్తయ్యేది. ఒక పెళ్ళిలో పిల్ల తండ్రి, భోజనాలు బాగున్నయని అందరూ అంటుండ్రని మురిసిపోతుంటే, ఆమె చేయి కడుక్కుంటూ ఎంతమందిల అని అడిగింది. ఆయన నిజంగానే పంక్తులు లెక్కపెట్టబోయాడు.

నేను అప్పటికి ఆడపిల్లల బడిలో పంతులమ్మను, లెక్కలు చెప్పేదాన్ని. ఆ ప్రశ్న నాకు నచ్చింది. ఊళ్ళో చాలామందికి అది విసుగు.

1957 ఎండాకాలం చివర్లో ఆమె మా బడికి వచ్చి ప్రపంచ పటం, ఒక నల్లబల్ల అరువు అడిగింది. దవాఖానకు పటమెందుకు, ఏ దేశానికి రోగం వచ్చిందని పెద్దసారు నవ్వాడు.

"ఒక్కొక్క దేశానికే వస్తున్నది సార్. మనదాక వచ్చి పోయినంక వాపస్ ఇస్త."

ఆ ఏడు వచ్చిన కొత్త జ్వరం సంగతి అది. చైనాలో మొదలై హాంకాంగ్, సింగపూర్ మీదుగా ఓడలెక్కి మద్రాసు రేవులో దిగిందని పేపర్లో వచ్చింది. మా ఊళ్ళో రేడియో ఉన్నది ఒక్క పత్తి సావుకారి ఇంట్లోనే. బ్యాటరీతో నడిచేది. ఆయనకు దానితో పని బొంబాయి పత్తి ధరల వరకే. డాక్టరమ్మ రోజూ పొద్దుగూకే వేళ పోయి అరుగు మీద కూర్చుని ఢిల్లీ ఉర్దూ వార్తలు, ఆ వెనక ఇంగ్లీషు వార్తలు వినేది. బ్యాటరీ అంతా రోగాలకే అయిపోతున్నదని సావుకారి గొణిగితే, జ్వరం వచ్చినంక పత్తి ఏరేటోళ్ళు ఎవలని ఆమె అడిగేది. ఆయన గొణుగుడు మాననూ లేదు, రేడియో కట్టెయ్యనూ లేదు.

మరునాడు పొద్దున దవాఖాన ముందు నల్లబల్ల మీద దేశాల పేర్లు, ఒక్కోదాని ఎదుట ఒక్క ముక్క. జపాన్ ఎదుట 'బడులు మూసిండ్రు' అని. అమెరికా ఎదుట 'టీకా చేస్తుండ్రు, ముందు ఫౌజుకు' అని, ఫౌజు అంటే సైన్యం. రష్యా ఎదుట 'ముక్కుతోని పీల్చే టీకా అట' అని. ఆ 'అట' ఆమె మరచిపోయేది కాదు, తనకు ఖాయంగా తెలియనిదానికి తప్పకుండా పెట్టేది. మన దేశం ఎదుట 'రేవుల్ల ఓడలు ఆపి చూస్తుండ్రు' అని. విలాయత్, అంటే ఇంగ్లండు, చివరన చేరింది, వాళ్ళకు ఆ జ్వరం ఆలస్యంగా వచ్చింది కనుక. అన్నిటి కింద 'మన ఊరు' అని రాసి, ఎదుట ఏమీ రాయకుండా వదిలేది.

చదువు రానివాళ్ళకు బడికి పోతూ నేను చదివి వినిపించేదాన్ని. ఊళ్ళో అందరూ అడిగింది ఒకటే, వీళ్ళల్ల ఎవలు గొప్ప అని. ఒకరోజు మా వాడ పెద్దమనిషి ఆ మాట అంటే డాక్టరమ్మ సుద్దముక్క కింద పెట్టింది.

"గొప్ప అడుగొద్దు, వాళ్ళ ఇండ్లల్ల అర్రలెన్నో అడుగు. జపానోళ్ళు బడి మూస్తె పిల్లలు ఎవలింట్ల వాళ్ళుంటరేమొ. పంతులమ్మా, మనం బడి మూస్తె నీ పిల్లలు యాడుంటరు?"

మగ్గాల ఇళ్ళల్లో అందరూ ఒకే అర్రలో, అంటే ఒకే గదిలో, చేరి కండెలు చుడుతారని చెప్పాను. కండె అంటే నేతకు నూలు చుట్టే చిన్న గొట్టం, మా వాడలో పిల్లల పని అది.

"గందుకే మూయకు. కిటికీలు తెరువు, వరండాల దూరం దూరం కూసోపెట్టు, ముక్కు కారేదాన్ని ఇంటికి తోలు."

జపాన్‌ను చూసి జపాన్ చేసింది చేయకపోవడం కూడా ఒక నేర్పే అని నాకు ఆ రోజు తెలిసింది. అట్లాగని ఆమె బయటిదాన్ని తీసిపారేసే మనిషి కాదు. మన దగ్గరికి వచ్చింది ఆ జ్వరమో, ఏటా వచ్చే సర్దో తేల్చాలంటే పరీక్ష ఒకటే దారి అని ఆమెకు తెలుసు. అందుకని ఉప్పునీళ్ళతో గొంతు పుక్కిలించి సీసాలో ఉమ్మమన్నది. ఎవరూ ముందుకు రాలేదు. చివరకు దగ్గుతూ అటుగా వచ్చిన సావుకారిని పట్టుకుంది.

"మా ఇంట్ల రేడియో విన్నవ్, బ్యాటరీ అయిపోగొట్టినవ్. ఇప్పుడు నోట్లెకెళ్ళి ఉమ్మి గూడ కావాల్నా?" అన్నాడాయన. అన్నాడే గాని, పదిమందీ చూస్తున్నారని పుక్కిలించాడు. ఆయన ఉమ్మిన తర్వాత మరి కొందరు ఉమ్మారు. జమ్మికుంట నుంచి మంచుగడ్డ తెప్పించి, రంపపు పొట్టులో సీసాలు పొదిగి, పరీక్షకు రైల్లో పంపించింది. జవాబు వచ్చేసరికి జ్వరం వచ్చి పోయి, కొత్త పత్తి కూడా ఇంటికి వచ్చింది. అదే జ్వరమని ఉంది అందులో. మా ఉమ్మి ఢిల్లీదాక పోయి ఏం సాధించిందని జనం నవ్వితే, "మనకు గాదు. మళ్ళొచ్చేటోళ్ళకు," అన్నది. ఇవాళ టీవీలో పరీక్షల మాట వస్తే నాకు ముందు కనిపించేది, పెదవులు తుడుచుకుంటూ కోపంగా చూస్తున్న ఆ సావుకారే.

అసలు చెప్పవలసింది వేపమండ సంగతి.

వానలు పడేసరికి జ్వరం మా ఊరికి వచ్చింది. ఒక ఇంట్లో ఒకరికి వస్తే చూడపోయినవాళ్ళందరికీ వచ్చేది. మా దగ్గర జ్వరమొచ్చిన మనిషిని చూడపోకపోతే తప్పు పడతారు. పోయి పక్కన కూర్చుని నుదురు మీద చేయి వేసి చూడాలి. దీన్ని ఎట్లా ఆపడం? రోగమున్న ఓడ మీద పసుపు జెండా ఎగరేస్తారనీ, అది చూసి మిగతా ఓడలు దూరంగా ఉంటాయనీ డాక్టరమ్మ ఎక్కడో చదివింది. మన ఇళ్ళకు అట్లాంటి జెండా ఏది అని ఆలోచించింది. వేపమండ దొరికింది. మా వైపు అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండ కడతారు. అది చూస్తే బయటి మనిషి లోపలికి రాడు. వేరే చెప్పే పని లేదు.

డప్పు చాటింపు వేయించింది. జ్వరం వచ్చిన ఇంటికి వేపమండ కట్టాలి, మండ ఉన్న ఇంటికి ఎవరూ పోవద్దు. వారం తిరగకుండానే వాడలన్నీ పచ్చబడ్డాయి. ఆమె ముఖం వెలిగిపోయింది.

"చూసినవా పంతులమ్మా, జెండాలు కుట్టే పని లేదు, పోలీసుల పని లేదు. ఏ దేశంల ఇంత జల్ది అయితది?"

దవాఖానకు వచ్చే జ్వరాల లెక్క కూడా రోజురోజుకూ తగ్గింది. ఆ లెక్క నల్లబల్ల మీద వేస్తుంటే ఆమె ఏదో ఉర్దూ పాట కూనిరాగం తీయడం విన్నాను. నాకూ సంతోషమే అయింది.

ఆ వారంలోనే మా వదినకు జ్వరం తగిలింది. వదినకు ఏడో నెల. అన్న బొంబాయి పక్కన భీమండి మిల్లులో పనికి పోయి ఉన్నాడు, బాపు, అంటే నాన్న, పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఇంట్లో అవ్వ, వదిన, నేను. వదినకు జ్వరం వచ్చిన పూటే అవ్వ గుమ్మానికి మండ కట్టింది. నేను దవాఖానకు పోయి గోలీలు తెచ్చి నీళ్ళు ముంచుకునేలోగా అవ్వ నా చేయి పట్టుకుంది.

"మండ కట్టిన ఇంట్ల గోలీలేంది బిడ్డా?"

ఇది అమ్మవారు కాదని, సర్ది జ్వరమని చెప్పాను.

"మరి మండెందుకు కట్టుమన్నరు? డప్పు కొట్టి చెప్పిండ్రు గదా. సర్కారోళ్ళే చెప్పినంక అమ్మవారు గాక ఇంకేంది?"

 మా దగ్గర మండ కట్టారంటే, ఇంట్లో పోపు వేయరు, మందు ముట్టరు, తగ్గి తలకు నీళ్ళు పోసే రోజు వచ్చేదాకా మండ విప్పరు. మందు పెడితే తల్లికి కోపమొస్తుంది. కడుపుతో ఉన్న పిల్ల మీదికి ఆ కోపం తెచ్చుకునే ధైర్యం అవ్వకు లేదు. కొడుకు ఊళ్ళో లేడు, కోడలు తన చేతిలో ఉంది. అవ్వ మొండిది కాదు, భయపడింది. చల్ల కలిపిన అంబలి తప్ప వదినకు ఏమీ పెట్టలేదు. మూడోనాటికి వదిన మాట్లాడితే మధ్యలో ఊపిరి తెగిపోతున్నది.

ఆ పొద్దున నేను పోయేసరికి డాక్టరమ్మ నల్లబల్ల ముందు ఉంది, నిన్నటి కంటే తక్కువ అంకె వేస్తున్నది. ఇంట్లో సంగతి చెప్పాను. సుద్ద పట్టిన చేయి గాలిలోనే ఆగింది.

"మీ వాడల మండలు కట్టిన ఇండ్లెన్ని?"

దాదాపు సగమని చెప్పాను.

"గా ఇండ్లల్లకెళ్ళి నిన్న నా తాన్కి వచ్చింది ఎవలు?"

ఎవరూ రాలేదు. వస్తే నాకు తెలిసేది. ఆమె నా వైపు చూడలేదు. బల్లను చూస్తూ, ఎవరినో కొత్త మనిషిని అడిగినట్టు, "ఎంతమందిల?" అన్నది. తర్వాత చీర కొంగుతో ఆ అంకె తుడిచేసింది.

"జ్వరం తగ్గలే పంతులమ్మా. మనం చూసుడు తగ్గింది."

ఆమె కరీంనగర్ బిడ్డ, మండ కట్టిన ఇంట్లో మందు ముట్టరని ఆమెకు తెలియక కాదు. దాన్లో తనకు పనికొచ్చే సగం ఒక్కటే ఆ రోజు గుర్తుకు తెచ్చుకుంది. జనం మాత్రం మొత్తం గుర్తు పెట్టుకున్నారు.

సంచి తీసుకుని నాతో వచ్చింది. మా గుమ్మం ముందు ఆగింది. లోపల అవ్వ, మధ్యలో మండ. చుట్టుపక్కల ఆడవాళ్ళు ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి చూస్తున్నారు. లోపలికి రావద్దని అవ్వ మర్యాదగానే చెప్పింది.

"రాను అవ్వా. ముందుగాల మండ తీస్త, తర్వాత వస్త."

"నీళ్ళు పొయ్యక ముందు మండ ముట్టుకుంటరా? కడుపుతోటి ఉన్న పిల్ల. తల్లికి కోపమొస్తె ఎవలు పడ్తరు?"

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. అయినా వాడంతా విన్నది.

"గీ మండ అమ్మవారు కట్టుమనలే. నేను కట్టుమన్న. తప్పు చెప్పిన. నేను కట్టించినదాన్ని నేనే తీసుకపోతున్న. పారెయ్యను, మా ఇంటికి తీసుకపోయి నా గుమ్మానికి కట్టుకుంట. కోపమొస్తె తల్లి నా ఇంటికే రావాలె, నీ కోడలు మీదికి గాదు."

అవ్వ లోపలికి తిరిగి చూసింది. వెనకనుంచి వదిన ఊపిరి వినిపిస్తున్నది. అవ్వ ఒక పక్కకు జరిగింది. డాక్టరమ్మ మండ విప్పింది, కింద పెట్టలేదు, రెండు చేతులతో పట్టుకుని నాకిచ్చి పట్టుకోమన్నది. అప్పుడు గుమ్మంలోనే నిలబడి ఇంకో మాట అడిగింది.

"అవ్వా, మండ తీసినంక మళ్ళ అందరు చూడొస్తరు. రావొద్దు, గని మందు రావాలె. గట్లాంటి గుర్తు మీ పనిల ఏమన్న ఉన్నదా?"

నన్ను అడగలేదు, పెద్దసారును అడగలేదు. అవ్వను అడిగింది. అవ్వకు ఎక్కువసేపు పట్టలేదు.

"పడుగు ఉన్నది గద."

నేసే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీసి గంజి పెడతారు. సాగిన పడుగును మా ఊళ్ళో ఎవరూ దాటరు. గొడ్లను కూడా అటు తోలరు, పిల్లలకు నడక వచ్చినప్పుడే నేర్పే సంగతి అది. గంజి పట్టుకొచ్చే మనిషి మాత్రం వంగి కిందనుంచి పోతుంది, దానికి అడ్డు లేదు. అందులో దేవత లేదు, కోపం లేదు. ఉన్నది పని.

అవ్వ లోపలికి పోయి నూలు చిలప తెచ్చింది. గుమ్మానికి అడ్డంగా, నడుము ఎత్తున, ఈ పక్క నుంచి ఆ పక్కకు పోగులు సాగదీసి కట్టింది. డాక్టరమ్మ సంచితో సహా వంగి దాని కిందనుంచి లోపలికి వచ్చింది. ఎదురింటి పెద్దమ్మ మా గుమ్మం దాకా వచ్చి, నూలు చూసి, అక్కడే ఆగిపోయి, "కోడలు ఎట్లున్నది?" అని బయటనుంచే అడిగింది. డాక్టరమ్మ లోపలినుంచి నా వైపు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది.

గంజి కాచే పొయ్యి మీదనే సూది మరగబెట్టింది. వదిన ఊపిరితిత్తులకు పట్టిందని, సూదులు పొద్దున మాపున పడాలని చెప్పింది. అవ్వ పిల్ల సంగతి అడిగితే అబద్ధం చెప్పలేదు. "పిల్ల సంగతి ఇప్పుడు ఏం చెప్పను. ముందుగాల తల్లిని నిలబెట్టనియ్యి," అన్నది. ఒక పూట వదిన నన్ను గుర్తుపట్టలేదు. ఆ పూట కూడా డాక్టరమ్మ నూలు కిందనుంచి వంగి వచ్చింది, వంగి పోయింది. ఆమెది పొడుగు మనిషి, ప్రతిసారీ జుట్టు ముడికి నూలు తగిలేది. చివరకు ఒక పొద్దున వదిన కళ్ళు తెరిచి, చింతపులుసు వాసన వస్తున్నది, ఎవలింట్ల అని అడిగింది. మా ఇంట్లోనే. అవ్వ ఆ రోజు పోపు వేసింది.

మండ విప్పిన నాడే రెండోసారి డప్పు వేయించింది. డాక్టరమ్మ తప్పు చెప్పింది, మండలు విప్పి నూలు కట్టుకోవాలె అని చాటమన్నది. డప్పు పెద్దాయన నసిగాడు, తప్పు అని ఎట్లంటం తల్లీ, మాట మారిందని అంట అన్నాడు.

"తప్పనే అను. మారింది అంటె నమ్మరు."

అట్లాగే అన్నాడు. ఆడవాళ్ళు విప్పిన మండలను ఏం చేయాలో తెలియక చేతుల్లో పట్టుకుని ఆమె ఇంటికే పోయారు. మా ఇంటి మండ అప్పటికే అక్కడ ఉంది. దాని పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు కట్టారు. సాయంత్రానికి ఆమె తలుపు ఆకుల్లో కనిపించకుండా పోయింది. ఆమె ఆ తలుపు తీసుకుని లోపలికి పోయింది, మరునాడు ఆ తలుపు తీసుకునే దవాఖానకు వచ్చింది. ఏమీ కాలేదు. ఊరంతా అది చూసింది.

ఆ పొద్దున నల్లబల్ల చదవడానికి పోయాను. జపాన్, అమెరికా, రష్యా, మన దేశం. వాటి కింద ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న గీత నిండింది. 'మన ఊరు: పడుగు నూలు' అని ఉంది. ఆ దేశాలను చదివిన గొంతుతోనే దాన్ని కూడా పైకి చదివాను. మా అవ్వ చెప్పిన ముక్క అమెరికా ఉన్న బల్ల మీద ఉంది. సావుకారి వచ్చి చూసి, ఇది ఢిల్లీ రేడియోల చెప్తరా అని వెక్కిరించాడు.

"చెప్పరు. నేత లేని ఊరికి ఇది పనికిరాదు. వాళ్ళు వాళ్ళ అవ్వలను అడుక్కోవాలె," అన్నది.

తర్వాత ఆమెను బొగ్గుబావుల వైపు బదిలీ చేశారు. 1963లో ఒక పని మీద పోయి నస్పూర్‌లో కలిశాను. గడియారం అట్లాగే లోపలివైపుకు ఉంది. ఇక్కడ జ్వరమొస్తే గుమ్మానికి ఏం కడతారని అడిగితే, "ఇంక అడుగుతున్న. బావుల దిగేటోళ్ళు వాళ్ళు, వాళ్ళే చెప్పాలె," అన్నది. అదే చివరిసారి చూడటం. పోయిందన్న కబురు నాకు ఆలస్యంగా చేరింది. ఏ రోజున పోయిందో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు, ఆ తేదీ ఒక్కటి నా దగ్గర లేదు.

ఇదంతా మొన్న రాత్రి అన్నం తింటూ నా మేనకోడలికి చెప్పాను.  నిన్న పొద్దున పాలు పోసే అతన్ని ఆపి ఎదురింటి పాలు కూడా తీసుకుంది. గిన్నె తీసుకుపోయి ఆ కాగితం ఉన్న తలుపు ముందు పెట్టి, తలుపు కొట్టి, దూరంగా జరిగి నిలబడింది. నేను పైనుంచి చూశాను. దిగలేదు.

ఇంకొక్కటి రాయాలి. దసరాకు ముందు, జ్వరం పోయిందని తేలిన తర్వాత, డాక్టరమ్మ పటం, బల్ల వాపసు ఇవ్వడానికి ముందు ఆ బల్ల మీద మా ఊరి లెక్క వేసింది. అడ్డంగా ఒక గీత. గీత పైన పోయినవాళ్ళు, గీత కింద జ్వరం వచ్చినవాళ్ళందరూ. మండలు విప్పించాక ఇంటింటికీ తిరిగి కింది అంకెను మళ్ళీ లెక్కపెట్టుకుని వచ్చింది. ఆ అంకెలు నాకు తెలుసు, ఇక్కడ వేయను. చిన్న ఊరు, పైన ఉన్నవాళ్ళ ఇళ్ళవాళ్ళు ఇంకా ఉన్నారు.

అవ్వ ఆ రోజు వదినను తీసుకుని దవాఖానకు వచ్చింది. అవ్వకు చదువు రాదు. బల్ల ముందు చాలాసేపు నిలబడి చూసి అడిగింది.

"దీన్ల నా కోడలు యాడున్నది?"

డాక్టరమ్మ లేచి వచ్చి గీత కింద వేలు పెట్టింది.

"కింద ఉన్నది అవ్వా. పైన లేదు."

అవ్వ ఆ చోటును చేత్తో ముట్టి చూసింది. వేలికి సుద్ద అంటింది. తర్వాత వదిన కడుపు వైపు చూపించింది.

"మరి గిది?"

డాక్టరమ్మ పైన చూసింది, కింద చూసింది. లెక్కలో ఎక్కడా చోటు లేదు. నేను ఆ ఊళ్ళో ఉండగా ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం అప్పుడే చూశాను.

"గది కొసరు, అవ్వా."